అసెంబ్లీ అడిగితే శ్రీకాకుళం చెప్పిన జవాబులు

అసెంబ్లీ సమావేశాలు హైదరాబాదులో మొదలయ్యేవి. సెలవులు శ్రీకాకుళం కలెక్టరేట్‌లో రద్దయ్యేవి. అక్కడ పనిచేసినవాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. బడ్జెట్ సమావేశాల తేదీ పేపర్లో పడిందంటే మా సెక్షన్‌లో ఎవరింట్లో పెళ్లి ఉన్నా ముహూర్తం వేళకి వెళ్లి అక్షింతలు వేసి వచ్చేయడమే. ఏ నిమిషంలో ఎల్‌ఏక్యూ వస్తుందో తెలియదు. లెజిస్లేటివ్ అసెంబ్లీ క్వశ్చన్ అని పూర్తిగా ఎవరూ అనేవారు కాదు. "ఎల్‌ఏక్యూ వచ్చింది" అంటే చాలు, చేతిలో ఉన్న ఫైలు పక్కకి వెళ్లిపోయేది.

నేను ఎనభైల చివర్లో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. సెక్రటేరియట్ నుంచి ఫోన్‌లో గానీ వైర్‌లెస్ సెట్ మీద గానీ ప్రశ్న చదివేవారు. గరగరమనే ఆ లైన్‌లో ఊరి పేరు సరిగా వినడమే పెద్ద పని. మా జిల్లాలో ఒకే పేరున్న ఊళ్లు ఎన్నో ఉన్నాయి. పురం, వలస, పేట, పాడు అన్న చివర్లతో సగం జిల్లా నిండిపోతుంది. ఏ మండలమో, ఏ పంచాయతీయో రెండు మూడుసార్లు అడిగి రాసుకోవాలి. ఆ కాగితానికి ఎర్ర స్లిప్పు అంటించి, మధ్యకి మడిచి, ఎడమ పక్క ప్రశ్న, కుడి పక్క జవాబు రాయాలి. ప్రశ్న అ, ఆ, ఇ అని ముక్కలుగా ఉంటుంది. ఫలానా విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చిందా, వస్తే వివరాలేమిటి, ఏం చర్య తీసుకున్నారు. వీటి కింద సప్లిమెంటరీల కోసం ఇంకో నోట్ తయారు చేయాలి. సభలో నిలబడిన మంత్రిని మిగతా సభ్యులు ఏం అడిగే అవకాశం ఉందో ఇక్కడ కూర్చుని మేం ఊహించాలి. నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నకి సభలో నోటితో జవాబు చెబుతారు, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేనివాటికి రాతపూర్వకంగా ఇస్తారు. మాకు టెన్షన్ అంతా ఆ నక్షత్రాలతోనే.

మా సూపరింటెండెంట్ గారి దగ్గరే నేను ఈ పని నేర్చుకున్నాను. మొదటి పార్ట్‌కి "లేదండీ" అని రాసేసి, మిగతావాటికి "ప్రశ్న ఉత్పన్నం కాదు" అని రాస్తే పని అయిపోతుంది. చాలా ఆఫీసులు అలాగే చేసేవి. ఆయన అలా రాయనిచ్చేవారు కాదు. ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నారు. "ఒరే బాబూ, రేపు మంత్రిగారు సభలో చదివేది నువ్వు రాసిన అంకె. ఆయన వచ్చి చేలో దిగి చూడలేరు. నువ్వూ చూడలేదు. చూసినవాడిని అడిగి రాయి."

ఆ మాట ఎంత నిజమో ఒక చెరువు ప్రశ్నతో తెలిసింది. చెరువు కింద ఆయకట్టు ఎంత, అందులో సాగవుతున్నది ఎంత, గండి పూడ్చే ప్రతిపాదన ఉందా అన్నది ప్రశ్న. ఇరిగేషన్ కాగితం ఒక అంకె చెప్పింది, మండలం నుంచి వచ్చిన కాగితం ఇంకోటి చెప్పింది. మర్నాడు పొద్దున్నకల్లా జవాబు హైదరాబాదులో ఉండాలి. సాయంత్రం జీపు వేసుకుని రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, అంటే ఆర్‌ఐ గారితో కలిసి ఆ ఊరు వెళ్లాం. కరెంటు లేదు. పెద్ద వయసు తలయారి లాంతరు పట్టుకుని గట్టు మీద ముందు నడిచాడు. పై మదుం (తూము) దగ్గర ఆగి కాలితో నేల తట్టి చెప్పాడు. "ఈ మదుం కింద నీరెక్కుతాది బావూ. ఆ కింద మదుం కాడ ఒండ్రు పేరుకుపోనాది. ఆ పక్కనున్న మడులన్నీ వానకే ఎదురుచూస్తాయి." ఆర్‌ఐ గారు జీపు బోనెట్ మీద అడంగల్, అంటే ఊరి భూముల, పంటల లెక్కల పుస్తకం, పరిచి టార్చి పట్టుకున్నారు. నేను సర్వే నంబర్లు చదువుతుంటే తలయారి ఏ మడి తడుస్తుందో, ఏది ఎండుతుందో, రైతు ఇంటిపేరుతో సహా చెప్పాడు. కాగితంలో ఆయకట్టు కింద ఉన్న భూమిలో సగానికి దగ్గరగా నీరు చూడడం లేదని ఆ రాత్రి తేలింది.

జవాబులో రెండు అంకెలూ పెట్టాం, రికార్డులో ఉన్నదీ నిజంగా తడుస్తున్నదీ. పైవాళ్లు మొదటిదే ఉంచమంటారేమో అనుకున్నాను. సూపరింటెండెంట్ గారు ఫోన్‌లో చాలాసేపు మాట్లాడారు. రెండూ సభకి వెళ్లాయి. ఆ చెరువు పని తర్వాత ఏడాది అంచనాల్లోకి ఎక్కింది. ఒండ్రు తీసిన రోజు నేను అక్కడ లేను గానీ, ఆ ఊరి మీదుగా వెళ్లినప్పుడల్లా బస్సు కిటికీలోంచి కింద మదుం వైపు చూసేవాణ్ణి.

అడంగల్ అంటే నాకు ఆఫీసుకి రాకముందే పరిచయం. మా నాన్నగారు కరణం. టెక్కలి వైపు మా ఊరు, ఒకప్పుడు జమీందారీ గ్రామం. ఇంట్లో భోషాణంలో ఎర్ర గుడ్డ చుట్టి ఉండే పుస్తకాల్లో అన్నింటికన్నా జాగ్రత్తగా చూసుకున్నది ఫెయిర్ అడంగల్. జమీందారీ రద్దయ్యాక సెటిల్‌మెంటు సిబ్బంది ఊరూరా తిరిగి, ఏ భూమి ఎవరిదో, ఏది చెరువు గర్భమో, ఏది గెడ్డ (వాగు) పోరంబోకో రాసి పెట్టిన పుస్తకం అది. మా వైపు భూమి తగాదా ఏదైనా ఈ రోజుకీ చివరికి ఆ పుస్తకం దగ్గరికే వస్తుంది. అంచులు చిరిగిన పేజీలకి నాన్నగారు మైదా జిగురు రాసి పల్చటి కాగితం అతికించేవారు. ఆ జిగురు వాసన నాకింకా గుర్తుంది.

ఆ పుస్తకం వెనక ఒక శాసనసభా కమిటీ ఉందని చెప్పింది తాతగారు. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ ప్రభుత్వం వచ్చాక, రెవెన్యూ మంత్రి ప్రకాశం పంతులు గారు అధ్యక్షుడిగా రెండు సభల సభ్యులతో ఒక కమిటీ వేశారు. జమీందారీ ఎస్టేట్లలో రైతుల పరిస్థితి విచారించడం దాని పని. మా టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు అంతకుముందే, 1936లో ఒరిస్సా వేరుపడినప్పుడు, గంజాం నుంచి విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది. శ్రీకాకుళం జిల్లా అన్నది 1950లో గానీ పుట్టలేదు. కమిటీ వేసిన ఆ కాలంలోనే ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు కాలినడకన యాత్ర చేశారు. కమిటీ సభ్యులు జమీందారీ ప్రాంతాలు తిరిగి సాక్ష్యాలు తీసుకున్నారు. బళ్లు కట్టుకుని చెప్పుకోవడానికి వెళ్లినవాళ్లున్నారని, శిస్తు రసీదులు చద్దిమూటల్లో పెట్టుకుని పోయారని తాతగారు చెప్పేవారు. దివాణానికి ఎదురుగా నోరు తెరవడానికి భయపడే మనిషి ఒక పెద్దమనుషుల కమిటీ ముందు నిలబడి, "ఇంత కట్టాను, ఇదిగో రసీదు, రసీదు ఇవ్వకుండా ఇంకా ఇంత తీసుకున్నారు" అని చెప్పడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు.

భూమికి హక్కుదారు సాగుచేసే రైతే, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే అని ఆ కమిటీ 1938లో తేల్చింది. శిస్తుల్ని 1802 నాటి శాశ్వత బందోబస్తు స్థాయికి దించాలంది. చట్టం కాకముందే, 1939లో ప్రభుత్వం రాజీనామా చేసింది. ఆ తర్వాత ఏడాది, 1940లో, మందస జమీందారీలో గుడారి రాజమణిపురం దగ్గర పోలీసు కాల్పుల్లో వీరగున్నమ్మ ప్రాణం పోయింది. గర్భిణి అని మా ఊళ్లో ఆడవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కమిటీ చెప్పింది అప్పుడే చట్టమై ఉంటే ఆ కాల్పులు జరిగేవా అని తాతగారు అనేవారు. ఎస్టేట్ల రద్దు చట్టం చివరికి 1948లో వచ్చింది. ఆ చట్టం నుంచి సర్వే, సర్వే నుంచి ఫెయిర్ అడంగల్, అది మా భోషాణంలోకి. జీపు బోనెట్ మీద నేను చదివిన సర్వే నంబర్లకి మూలం, రసీదులు పట్టుకుని బళ్లెక్కిన ఆ రైతులే అని నాకు గట్టి నమ్మకం.

నాన్నగారి ఉద్యోగం పోయింది కూడా ఒక శాసనంతోనే. 1984 జనవరి 6న, సంక్రాంతికి వారం ముందు, పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పోస్టులు రద్దు చేస్తూ ఆర్డినెన్స్ వచ్చింది. మునసబు, కరణం, తరతరాల హోదాలు ఒక్క రాత్రిలో లేకుండా పోయాయి. ఊళ్లో చాలామందికి ఆ ఏడు పండగ ముందే వచ్చింది. కరణాల కలం కింద నలిగిన కుటుంబాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. వాళ్ల సంతోషం న్యాయమైనదే. వంశంతో వచ్చే ఉద్యోగం ప్రజాస్వామ్యంలో ఉండకూడదు. కరణం కొడుకుగా ఈ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను. రికార్డులు స్వాధీనం చేసుకోవడానికి వచ్చిన ఉద్యోగికి నాన్నగారు కాఫీ ఇప్పించి, ఒక్కొక్క పుస్తకం పేజీలు లెక్కపెట్టి, పెన్సిల్‌తో జాబితా రాసి, ప్రతి వరసకీ ఎదురుగా సంతకం తీసుకున్నారు. ఫెయిర్ అడంగల్ దగ్గరికి వచ్చేసరికి, "ఇది తడవకుండా చూడండి" అని మాత్రం అన్నారు.

నాకు నచ్చనిది ఆ రద్దు కాదు, అది వచ్చిన దారి. సభ జరగని రోజుల్లో అత్యవసరమైతే గవర్నరు ఆర్డినెన్స్ ఇవ్వొచ్చని రాజ్యాంగం 213వ అధికరణం చెబుతుంది. సభ మళ్లీ కూర్చున్నాక ఆరు వారాల్లో అది బిల్లుగా ఆమోదం పొందకపోతే పోతుంది. ఆ ఏడాదంతా బిల్లు రాలేదు, గడువు తీరేసరికి మళ్లీ ఆర్డినెన్సే వచ్చింది, తర్వాత ఇంకోటి. 1985లో సుప్రీంకోర్టు ఆ ఆర్డినెన్స్ చెల్లుతుందనే చెప్పింది. అదే కోర్టు 1986 డిసెంబరులో బీహార్ కేసులో, ఆర్డినెన్సుల్ని మళ్లీమళ్లీ జారీ చేస్తూ పోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని గట్టిగా అంది. బిల్లుగా వచ్చి, దాన్ని లోతుగా పరిశీలించే సభ్యుల బృందం, అంటే ఒక సెలెక్ట్ కమిటీకి వెళ్లి ఉంటే అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. రికార్డులు ఎక్కడ పెడతారు? వాటిని చదవగలిగేవాళ్లు ఎవరు? సరిహద్దు తగాదా వస్తే ఎవరు చెబుతారు? అవేవీ ఎవరూ అడగలేదు. ఎన్నో ఊళ్ల పుస్తకాలు ఏళ్లపాటు తాలూకా ఆఫీసుల మూలల్లో మూటలు కట్టి పడి ఉన్నాయి, చెద తినిపోయినవీ ఉన్నాయి. ఆ నష్టం కరణాలది కాదు, రైతులది.

ఇక కమిటీల రాకపోకలు. పేపర్లో మనకి కనబడేది సభలో గొడవ. అసలు పని నాకు కనబడింది కమిటీ గదుల్లో. ప్రజా పద్దుల కమిటీ (పీఏసీ), అంచనాల కమిటీ, ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ, పిటిషన్ల కమిటీ, హామీల కమిటీ, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళా శిశు సంక్షేమ కమిటీలు. వీటిలో కొన్ని ఏడాదికో రెండేళ్లకో మా జిల్లాకి వచ్చేవి. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో దిగడమో, విశాఖ నుంచి కార్లలో రావడమో. పొద్దున్నే అరసవల్లి దర్శనం, తర్వాత జిల్లా పరిషత్ హాల్లో రివ్యూ. అసెంబ్లీ కార్యదర్శివర్గం నుంచి వచ్చినవాళ్లు ప్రతి మాటా రాసుకుంటుంటారు. శాఖలవారీగా అధికారులు ఫోల్డర్లు పట్టుకుని, వెనక మాలాంటివాళ్లు రిజిస్టర్లు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లం.

పీఏసీ అంటే అందరికీ గుబులు. ప్రభుత్వ ఖర్చుల్ని ఆడిట్ చేసే కాగ్ నివేదిక 151వ అధికరణం కింద గవర్నరుకి చేరి, సభ ముందుకి వస్తుంది. అందులోని ఒక్కో పేరాని పీఏసీ తీసుకుని అడుగుతుంది. డబ్బు ఇచ్చారు, ఎక్కడ ఖర్చయింది, యూసీ (ఖర్చు చేసినట్టు ధ్రువపత్రం) ఏదీ? తుఫాను సాయం వచ్చిన ఏడాదుల తాలూకు యూసీల కోసం మేం పడ్డ పాట్లు ఇప్పటికీ కలలోకి వస్తాయి. 1999 అక్టోబరులో సోంపేట, ఇచ్ఛాపురం వైపు కొబ్బరి తోటలు పడిపోయినప్పుడు, చెట్టు లెక్క నుంచి చెక్కు లెక్క దాకా ప్రతిదానికీ కాగితం ఉండాలి. చెట్టు పడిపోయినవాడికి కాగితాలు చూసుకునే ఓపిక ఉండదు. అయినా ఆ కాగితాలు అడగాల్సిందే, ఎందుకంటే అడగకపోతే సొమ్ము చేరనివాడి సంగతి ఎవరికీ తెలియదు. పీఏసీకి ప్రతిపక్ష సభ్యుణ్ణి అధ్యక్షుడిగా పెట్టే సంప్రదాయం అందుకే వచ్చింది. మంత్రులు ఈ కమిటీల్లో ఉండరు. విలేకరులు లోపల ఉండరు. బయట ఒకరి మీద ఒకరు కేకలేసుకున్న రెండు పార్టీలవాళ్లు లోపల పక్కపక్కన కూర్చుని ఒకే ఫైలు మీద ఒకే ప్రశ్న అడగడం నేను కళ్లారా చూశాను. ఫొటోలు లేని చోట మనుషులు పని మీద మనసు పెడతారు.

ఒకసారి ఒక కమిటీ కాలువ శివారు భూములు చూస్తామంది. కార్యక్రమంలో లేదు. గెస్ట్‌హౌస్‌లో భోజనాలు సిద్ధమైపోయాయి. అధ్యక్షుడు పెద్దాయన, పంచె కట్టు, మాట మెత్తన. "భోజనం వచ్చాక చేద్దాం, వెలుగు పోతే మడి కనబడదు" అని కారెక్కేశారు. మేమందరం వెనకే. శివారులో కాలువ అడుగున గడ్డి మొలిచి ఉంది. అధికారి చేతిలో కాగితం తీసి ఆ ఊరి కింద ఇన్ని ఎకరాలకి నీళ్లిచ్చాం అని చదివారు. అక్కడ గట్టు మీద నిలబడ్డ ఒక ముసలి రైతు తలపాగా తీసి చేతిలో పట్టుకుని, "కాగితమ్మీద తడిసిందేమో బావూ, మా మడి మాత్రం తడవనేదు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అధ్యక్షుడు ఆయన దగ్గరికి నడిచి వెళ్లి, చెయ్యి పట్టుకుని, "మీ మడి ఎక్కడ, చూపించండి" అన్నారు. కాలువ గట్టు దిగి, తుప్పలు దాటుకుని అందరం వెళ్లాం. నేల పగిలి ఉంది. పగుల్లో ఆయన చేతికర్ర దింపి చూశారు.

తిరిగి వచ్చాక ఆయన కోపంగా ఏమీ అనలేదు. రేపు పొద్దున్నకి ఆ ఊరి ఆయకట్టు సర్వే నంబర్ల వారీగా కావాలి, అడంగల్‌తో సరిచూసి తెండి అన్నారు. ఆ రాత్రి మా ఆఫీసులో ఎవరూ ఇంటికి వెళ్లలేదు. పొట్నూరు వైపు నుంచి వచ్చే ఒక అటెండరు అందరికీ ఉప్మా, టీ తెచ్చాడు. నాన్నగారి దగ్గర చిన్నప్పుడు చూసి నేర్చుకున్న లెక్క ఆ రాత్రి అక్కరకొచ్చింది. ఏ కాలమ్‌లో మొదటి పంట రాస్తారు, జలాధారం ఎక్కడ రాస్తారు, తడి, మెట్ట తేడా ఎలా పట్టుకోవాలి అన్నవి నాకు పుస్తకం చూడక్కర్లేకుండా వచ్చు. పొద్దున్న ఆ జాబితా హాల్లో చదివినప్పుడు కాగితానికీ మడికీ తేడా అందరి ముందూ బయటపడింది. కమిటీ తన నివేదికలో సిఫార్సు చేసింది, శాఖ తీసుకున్న చర్యల మీద జవాబు ఇవ్వాల్సి వచ్చింది. ఆ శివారుకి నీళ్లు పూర్తిగా అందాయని చెప్పలేను. కానీ ఆ తర్వాత వచ్చిన కాగితాల్లో ఆ ఎకరాలు లేవు. లేని నీళ్లు ఉన్నట్టు రాయడం ఆగిపోయింది. అది చిన్న సంగతి అనుకునేవాళ్లు ఎప్పుడూ శివారులో పొలం చేసి ఉండరు.

హామీల కమిటీ సంగతి చాలామందికి తెలియదు. సభలో మంత్రి "పరిశీలిస్తాం", "చర్య తీసుకుంటాం" అన్నారనుకోండి, మనం అది అక్కడితో అయిపోయిందనుకుంటాం. కానీ సభ రికార్డులోంచి అలాంటి మాటలన్నీ ఏరి, జాబితా కట్టి, ఏమైంది అని శాఖల్ని అడుగుతూ ఉండడమే ఆ కమిటీ పని. ఏజెన్సీ అంచున ఒక గెడ్డ మీద కల్వర్టు కోసం ఎవరో సభ్యుడు అడిగితే, పరిశీలిస్తామని జవాబు వచ్చింది. ఆ సభ్యుడు తర్వాత ఎన్నికల్లో ఓడిపోయారు. ప్రభుత్వం మారింది. మంత్రి మారారు. కమిటీ నుంచి వచ్చే రిమైండర్ మాత్రం ఆగలేదు. నేను ఆ సీటుకి వచ్చేసరికే ఆ ఫైలు లావెక్కి ఉంది, నేను వేరే సెక్షన్‌కి వెళ్లి మళ్లీ వచ్చేసరికి కూడా అది సజీవంగానే ఉంది. చివరికి కల్వర్టు కట్టారు. పూర్తయినట్టు ఫొటో, కంప్లీషన్ సర్టిఫికెట్ జతచేసి హామీ నెరవేరిందని రాసి పంపిన కాగితం మీద ఇనిషియల్ నాదే. వానాకాలంలో ఆ గెడ్డ పొంగితే బడి పిల్లలు ఇవతలే ఉండిపోయేవారు. సర్వీసులో నాకు మెమెంటోలు, శాలువాలు వచ్చాయి. నాకు మిగిలింది ఆ ఇనిషియలే.

సీతంపేట గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) వైపు పనిచేసిన కొద్దికాలంలో ఇంకో రకం శాసనం చూశాను. గిరిజన భూముల్ని గిరిజనేతరులు కొనకూడదన్న 1959 నాటి 1వ రెగ్యులేషన్, దాన్ని గట్టిపరిచిన 1970 నాటి 1వ రెగ్యులేషన్. ఇవి అసెంబ్లీ చేసిన చట్టాలు కావు. ఐదో షెడ్యూల్ కింద గిరిజన సలహా మండలిని సంప్రదించి గవర్నరు చేస్తారు, రాష్ట్రపతి ఆమోదం కావాలి. 1970 సంవత్సరం చూడగానే మా జిల్లావాళ్లకి కొండల్లో జరిగిన గిరిజన పోరాటం గుర్తొస్తుంది. 1967లో లేవిడి దగ్గర తూటాలు పేలాక, కొండలన్నీ అట్టుడికాక గానీ ఆ సవరణ రాలేదు. వినాల్సినవాళ్లు ముందే విని ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో.

మా జిల్లావాళ్లు సభాపతి కుర్చీలో చాలాసార్లే కూర్చున్నారు. ఆంధ్ర రాష్ట్ర కాలంలో 1955లో రొక్కం లక్ష్మీనరసింహం దొర గారు, 1983లో తంగి సత్యనారాయణ గారు, 1999లో కావలి ప్రతిభా భారతి గారు, ఆ కుర్చీలో తొలి మహిళ ఆవిడే. 2019లో తమ్మినేని సీతారాం గారు. ఈ పేర్లు చెప్పుకునేటప్పుడు టీ కొట్లో మా వాళ్ల గొంతు ఒక స్థాయి పెరుగుతుంది, పార్టీ ఏదైనా సరే. 2020 జనవరిలో రాజధాని బిల్లుల్ని మండలి ఛైర్మన్ సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు చెప్పినప్పుడు, సెలెక్ట్ కమిటీ అంటే ఏమిటని మా వీధిలో కుర్రాళ్లు నన్నడిగారు. చెబుతుంటే నాకే ఉత్సాహం వచ్చింది. కానీ ఆ కమిటీ ఏర్పడనే లేదు. ఎవరిది తప్పన్న తగువులోకి నేను పోను. ఒక బిల్లు మీద జనం మాట వినగలిగే గది ఒకటి తెరుచుకోబోయి మూసుకుపోయిందన్నదే నా బాధ.

భూ హక్కుల చట్టం అప్పుడూ అంతే. ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి వచ్చిందని తెలిసి, మా ఊరివాళ్లు పాస్‌బుక్కులు సంచుల్లో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. "బావూ, మా భూమి మాదేనా, కాదా?" అని ఒక ముసలామె అడిగింది. ఫెయిర్ అడంగల్‌లో ఆవిడ మామగారి పేరు నాకు తెలుసు. అదే చెప్పాను. తర్వాత ప్రభుత్వం మారింది, 2024 జూలైలో రద్దు బిల్లు సభలో నెగ్గింది. ఆ చట్టం మంచి చెడ్డల జోలికి వెళ్లడం లేదు. ఊళ్లో ప్రతి గడపనీ తాకే చట్టం ఆ గడపలో ఎవరినీ అడక్కుండా వచ్చింది, అలాగే పోయింది. భూమి గురించిన బిల్లు ఏదైనా సరే, రెండు పార్టీల సభ్యులున్న ఒక కమిటీ టెక్కలికో పాలకొండకో పార్వతీపురానికో వచ్చి, తహసీల్దార్ ఆఫీసు అరుగు మీద కూర్చుని, రైతు మాట రాసుకుని వెళ్లాక గానీ సభ ముందుకి రాకూడదు. ఊరూరా ఫోను, కారు లేని 1938లో చేయగలిగిన పని ఇప్పుడు కష్టమంటే నేనొప్పుకోను. ఒక్క పూటలో వరసగా బిల్లులు ఆమోదం పొందిన వార్త చదివినప్పుడల్లా, వాటిలో ఏ ఒక్కదాని గురించైనా ఏ జిల్లా హాల్లోనైనా ఎవరినైనా అడిగారా అని వెతుక్కుంటాను.

ప్రకాశం కమిటీ నివేదికతో పాటు సాక్ష్యాలు కూడా సంపుటాలుగా అచ్చయ్యాయి. మా తాతగారు చెప్పిన ఊళ్ల పేర్లు ఒక నోట్‌బుక్కులో రాసుకుని, ఇప్పుడు తీరిక దొరికింది కాబట్టి వాటితో సరిచూసుకుంటున్నాను. టెక్కలి, మందస, తర్లా, పర్లాకిమిడి ఎస్టేట్ల కింద ఉన్న ఊళ్లవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మీ ఇంట్లో పెద్దవాళ్లు "మా తాత ప్రకాశం గారి కమిటీ ముందు చెప్పాడు" అని ఎప్పుడైనా అని ఉంటే, ఊరి పేరు, ఇంటిపేరు, ఆయన ఏం చెప్పాడన్నది, గుర్తున్నంత రాయండి. పాత శిస్తు రసీదు ఇంట్లో ఉంటే ఫొటో తీసి పెట్టండి. చెద పట్టకుండా వేపాకు వేసి, గాలి తగిలేలా ఉంచండి. ప్లాస్టిక్ కవర్లో మాత్రం పెట్టొద్దు.